మజిల్ కారా? స్పోర్ట్స్ కారా? – ఒక పరిశీలన

మోటారు బండంటే మోజు లేని మెకానికల్ విద్యార్థిని నేనింతవరకు చూడలేదు. మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక జరిగే వాదాలన్నీ రాజకీయాలతో మొదలై, సినిమాల మీదుగా సాగి, చివరికి కార్ల దగ్గరికే చేరతాయి. అక్కడ మాలో మాకు రెండు పార్టీలు. ఒక పార్టీది అమెరికా మజిల్ కారు, అంటే కండలు తిరిగిన కారు: ముస్తాంగ్, ఛార్జర్, కమారో. రెండో పార్టీది ఐరోపా స్పోర్ట్స్ కారు: పోర్షె, ఫెరారీ, జాగ్వార్. వట్లూరు రోడ్డు మీద పొద్దుట్నించి సాయంత్రం దాకా నిలబడినా వీటిలో ఒక్కటీ కనబడదు. కనబడేవల్లా ఆర్టీసీ బస్సులు, చేపల లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు, మన మోటారు సైకిళ్ళు. అయినా వాదం మాత్రం ఆగదు.

ఈ వ్యాసంలో నేను ఏ పార్టీ వైపూ తీర్పు చెప్పబోవడం లేదు. నన్ను ఆలోచింపజేసిన ప్రశ్న వేరు. పెట్రోలు ఒక్కటే, ఇనుము ఒక్కటే, మనం చదువుకునే ఆటో సైకిలూ ఒక్కటే. మరి ఇద్దరు జనాలు ఇంత వేరు వేరు కార్లు ఎందుకు చేశారు? జవాబు కోసం వెదికితే నాకు తోచింది ఇది: కారుని గీసేది ఇంజనీరే అయినా, దానికి రూపం ఇచ్చేది ఆ దేశపు రోడ్డూ, పెట్రోలు ధరా, సర్కారు వేసే పన్నూను. ఈ సంగతి అర్థమైతే మన రోడ్డుకి ఎలాంటి బండి కావాలో కూడా మనమే తేల్చుకోగలం. అది మాత్రం కేవలం హాస్టలు వాదం కాదు. ప్రాణాలతో ముడిపడిన విషయం.

బండలాగుడూ, పరుగు పందెమూ

ముందుగా రెండు మాటలు విడదీసి చెప్పుకోవాలి: టార్కు, పవరు. వీటిని కలగాపులగం చేయడం వల్లనే సగం వాదాలు పుడుతున్నాయి.

మన జిల్లాల్లో ఎడ్ల పందేలు రెండు రకాలు. ఒకటి బండలాగుడు. క్వింటాళ్ళ బరువున్న రాతిబండని ఒంగోలు గిత్తల జత మోకాళ్ళు వంచి, మెడ బిగించి లాగుతుంది. అడుగు మెల్లగా పడుతుంది, కాని పడిన ప్రతి అడుగులోనూ బలం ఉంటుంది. రెండోది పరుగు పందెం. అక్కడ బరువు తక్కువ, అడుగులు ఎక్కువ. మైసూరు జాతి ఎడ్లకు పేరు వచ్చింది ఆ చురుకుదనం వల్లనే. ఒంగోలు గిత్త గొప్పదా, మైసూరు ఎద్దు గొప్పదా అని ఏ రైతునైనా అడగండి. “దేనికి బాబూ? దున్నడానికా, పరిగెత్తడానికా?” అని తిరిగి మిమ్మల్నే అడుగుతాడు.

ఇంజనులో కూడా అంతే. క్రాంకు షాఫ్టుని తిప్పే బలం టార్కు. ఆ బలాన్ని నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతుందో దానితో గుణిస్తే వచ్చేది పవరు. కనుక పవరు పెంచడానికి దారులు రెండే. చుట్టు చుట్టుకీ బలం పెంచడం ఒకటి, నిమిషానికి చుట్లు పెంచడం రెండోది. అమెరికా మొదటి దారి పట్టింది. ఐరోపా రెండో దారి పట్టింది. మిగతా కథంతా దీని కొనసాగింపే.

మజిల్ కారు పుట్టుక

మజిల్ కారు అనగానే ఎక్కువమంది ముందుగా చెప్పే పేరు 1964 మోడలు పాంటియాక్ జి.టి.ఓ. దీని పుట్టుక వెనక చిన్న తంత్రం ఉంది. జనరల్ మోటార్స్ కంపెనీ 1963లో మోటారు పందేల నుంచి తన శాఖలను తప్పించింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలు, అంటే 5.4 లీటర్లు దాటిన ఇంజను పెట్టరాదని కంపెనీలో ఒక నియమం కూడా ఉండేది. పాంటియాక్ శాఖ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన తోటివారు ఆ నియమాన్ని పక్కదారిన దాటారు. టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కారుకి పెద్దకారు ఇంజనుని “అదనపు సామాను”గా అమ్మకానికి పెట్టారు. ఆ ఇంజను 389 ఘనపుటంగుళాలు, అంటే 6.4 లీటర్లు. కారుకి నియమం ఉంది గాని అదనపు సామానుకి లేదు గదా! 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నది ఆ మొదటి ఏడే 32,000 దాటింది.

అదే 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు ముస్తాంగ్ వచ్చింది. రెండేళ్ళు నిండకుండానే పది లక్షల కార్లు తయారయ్యాయి. కొన్నవాళ్ళలో యువకులే ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పుట్టిన పిల్లలు అప్పుడప్పుడే సంపాదనలో పడుతున్న రోజులవి.

ఇదంతా అక్కడే ఎందుకు జరిగింది? ఆ రోజుల్లో అమెరికాలో పెట్రోలు గాలను, అంటే 3.8 లీటర్లు, సుమారు 30 సెంట్లు. 1956 చట్టంతో 41,000 మైళ్ళ అంతర్రాష్ట్ర రహదారులు వేయడం మొదలుపెట్టారు. ఊరికీ ఊరికీ మధ్య వందల మైళ్ళు, రోడ్డేమో తాడు లాగి గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఇంజను పెద్దదైతే ఎక్కువ పన్ను కట్టాలన్న బాధ లేదు. అలాంటి చోట 6 లీటర్ల ఇంజను దుబారా అనిపించదు. అందరికంటే చౌకగా బలం సంపాదించే మార్గం అదే: ఇనప దిమ్మ పెద్దది చెయ్యి, కావలసినంత పెట్రోలు పొయ్యి.

మజిల్ కారు ఆకర్షణలో ఈ చౌకదనం ముఖ్యమని నా అభిప్రాయం. అది షావుకారు కారు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు వాయిదాల మీద కొనుక్కుని, శనివారం సాయంత్రం సిగ్నలు దగ్గర ఎంత ఖరీదైన కారునైనా వెనకేయగలిగిన కారు. ఆ గర్వం వేరు.

ఐరోపా లెక్క వేరు

ఇప్పుడు సముద్రం అవతలికి వెళ్దాం. బ్రిటన్‌లో 1921 నుంచి 1940ల చివరిదాకా కారు పన్నుని ఒక విచిత్రమైన సూత్రంతో లెక్కకట్టేవారు. సిలిండరు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించాలి. వచ్చినదే ఆ కారు “హార్సుపవరు”. స్ట్రోకు ప్రసక్తే లేదు. మరి ఇంజనీరు ఏం చేస్తాడు? వ్యాసం తగ్గించి స్ట్రోకు పొడుగు చేస్తాడు. అలా ఒక దేశపు ఇంజన్లన్నీ సన్నగా పొడుగ్గా తయారయ్యాయి. ఇటలీలో తరువాతి కాలంలో 2 లీటర్లు దాటిన కార్లకు పన్ను బాగా ఎక్కువ. అందుకే ఫెరారీ అంతటి కంపెనీ 1975లో స్వదేశంలో అమ్ముకోడానికి 2 లీటర్ల వి-8 ఇంజనుతో ప్రత్యేకంగా 208 మోడలు చేసింది.

నవ్వకండి, మన దగ్గరా ఇదే జరిగింది. 2006 బడ్జెట్టులో 4 మీటర్లు మించని చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. పెట్రోలు కారైతే ఇంజను 1,200 సి.సి. కూడా దాటకూడదు. ఆ తరువాత మన వీధుల్లోకి వచ్చిన డిక్కీ కురచైన కార్లన్నీ ఆ టేపు పెట్టి కొలిచినవే.

ఐరోపాలో పెట్రోలు ఖరీదు ఎక్కువ. రోడ్లు పాతవి, ఇరుకువి, ఆల్ప్స్ కొండల్లో మెలికలు తిరిగినవి. ఇటలీలో మిల్లే మిలియా పందెం 1927 నుంచి 1957 దాకా మామూలు జనం నడిచే రోడ్ల మీదనే జరిగింది. అలాంటి చోట కారుకి కావలసింది చిన్న ఇంజను నుంచి పిండుకున్న పవరు, తేలికైన ఒళ్ళు, మలుపులో చక్రం జారని సస్పెన్షను, గట్టి బ్రేకులు. 1961లో జెనీవా ప్రదర్శనలో చూపిన జాగ్వార్ ఇ-టైపుకి నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులున్నాయి. వెనక చక్రాలు రెండూ దేనికది విడిగా కదిలే ఏర్పాటు కూడా ఉంది. లోటస్ ఇలాన్‌ది 1.6 లీటర్ల ఇంజనే. కాని బరువు తగ్గించడమే అసలు విద్య అని నమ్మిన కోలిన్ చాప్‌మన్ దాని ఒళ్ళంతా ఫైబరు గ్లాసుతో చేయించాడు.

ఒకే రన్‌వే, రెండు దారులు

ఈ తేడాకి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది. యుద్ధం ముగిసేసరికి అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ ఖాళీగా మిగిలిన విమాన మైదానాలు ఎన్నో ఉన్నాయి. కార్ల పిచ్చి ఉన్న యువకులు రెండు చోట్లా వాటి మీద పడ్డారు. అమెరికన్లు రన్‌వే మీద తిన్నగా పోయారు. పావు మైలు, అంటే 402 మీటర్లు. ఎవరు ముందు చేరితే వారిదే గెలుపు. అదే డ్రాగ్ పందెం. ఇంగ్లీషువాళ్ళు రన్‌వేని వదిలి, మైదానం చుట్టూ ఉన్న అంచు రోడ్డు పట్టుకుని మలుపులు తిరిగారు. 1948లో గుడ్‌వుడ్ పందెపు బాట అలా మొదలైనదే. నేల ఒకటే, తారు ఒకటే. వెదుక్కున్న ఆనందం మాత్రం వేరు.

మన తాడేపల్లిగూడెంలో కూడా ఆ యుద్ధకాలపు రన్‌వే ఉంది. మద్రాసు దగ్గర షోళవరం రన్‌వే మీద ఎన్నో ఏళ్ళు మోటారు పందేలు నడిచాయి. మన గూడెం రన్‌వేకి ఆ యోగం పట్టలేదు.

అంకెలు ఏమంటున్నాయి?

మాటలు చాలించి అంకెలు చూద్దాం. 1964 నాటి రెండు కార్లను పక్కపక్కన పెడతాను.

పాంటియాక్ జి.టి.ఓ.: ఇంజను 6.4 లీటర్లు, 8 సిలిండర్లు. పవరు 4,800 చుట్ల దగ్గర 325 హార్సుపవరు. టార్కు 3,200 చుట్ల దగ్గర సుమారు 580 న్యూటన్ మీటర్లు. బరువు సుమారు 1,600 కిలోలు.

పోర్షె 911: ఇంజను 2 లీటర్లు, 6 సిలిండర్లు. పవరు 6,100 చుట్ల దగ్గర 130 హార్సుపవరు. టార్కు 4,200 చుట్ల దగ్గర 174 న్యూటన్ మీటర్లు. బరువు సుమారు 1,080 కిలోలు.

లీటరు లెక్కన చూస్తే పాంటియాక్‌ది 51 హార్సుపవరు, పోర్షెది 65. అందులోనూ అమెరికా అంకెని కొంచెం తగ్గించి చదువుకోవాలి. 1972 మోడళ్ళ దాకా అక్కడ ఇంజనుని బయటికి తీసి, సైలెన్సరు, గాలి జల్లెడ వంటివి లేకుండా కొలిచేవారు. ఐరోపాలో అన్నీ తగిలించి కొలిచేవారు. అయినా తిన్నని రోడ్డు మీద పాంటియాక్ ముందు పోర్షె నిలవలేదు. టన్ను బరువుకి పవరు లెక్క కడితే ఒకరికి 200, ఇంకొకరికి 120. ఇక్కడ మజిల్ పార్టీవాళ్ళు చప్పట్లు కొట్టుకోవచ్చు.

ఇంకో తమాషా. జి.టి.ఓ. అనే పేరే ఫెరారీ దగ్గర ఎరువు తెచ్చుకున్నది. 1962లో వచ్చిన ఫెరారీ 250 జి.టి.ఓ. పందేల కోసం చేసిన 3 లీటర్ల, 12 సిలిండర్ల కారు. మొత్తం చేసినవి 36. అమెరికాలో ఒక ప్రసిద్ధ మోటారు పత్రిక 1964 మార్చి సంచిక అట్ట మీద ఈ రెండు జి.టి.ఓ.లు తలపడుతున్నట్టు బొమ్మ వేసింది. నిజానికి ఆ రెండు కార్లు కలిసి పరిగెత్తనే లేదు! మా హాస్టలు వాదాలకి మూలపురుషుడు ఆ బొమ్మే అనుకుంటాను.

చెవికి వినిపించేది

ఆకర్షణలో సగం చెవిదే. అదీ లెక్కకి అందుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. 8 సిలిండర్ల ఇంజను నిమిషానికి 600 చుట్లతో ఊరికే తిరుగుతుంటే సెకనుకి 40 పేలుళ్ళు. అది మోగదు, గురగుర లాడుతుంది. పైగా అమెరికా వి-8లో ఒక్కొక్క వైపు సిలిండర్లు సమమైన ఎడంతో పేలవు. అందుకే ఆ గురకలో ఒక తూగు ఉంటుంది. 12 సిలిండర్ల ఫెరారీ 7,500 చుట్ల దగ్గర సెకనుకి 750 పేలుళ్ళు; అది ఏకంగా సన్నాయి పాట.

మన బుల్లెట్టు సంగతి చూడండి. ఒకే సిలిండరు. 900 చుట్ల దగ్గర సెకనుకి ఏడున్నర పేలుళ్ళు. చెవి వాటిని దేనికది విడిగా లెక్కపెట్టగలదు. “డుగ్గు డుగ్గు” అని వీధి మొదట్లోనే తెలిసిపోవడానికి కారణం అదే.

మలుపు దగ్గర, బ్రేకు దగ్గర

తిన్నని రోడ్డు అయిపోయింది. ఇప్పుడు మలుపు. మలుపులో జారకుండా పోగల గరిష్ఠ వేగానికి సూత్రం మనం ఇంటర్మీడియట్‌లోనే చదివాం: వేగం వర్గం = ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం × మలుపు వ్యాసార్థం. ఘర్షణ గుణకం 0.7, వ్యాసార్థం 50 మీటర్లు అనుకుంటే వేగం సెకనుకి 18.5 మీటర్లు, అంటే గంటకి 67 కి.మీ. ఇందులో బరువు ఎక్కడా లేదు, గమనించారా? మరి తేలిక కారు మలుపులో మెరుగని ఎందుకంటారు?

సూత్రం చెప్పనిది ఒకటుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. మలుపులో బరువంతా బయటి వైపు టైర్ల మీదికి ఒరుగుతుంది. బండి ఎత్తుగా ఉన్నకొద్దీ ఎక్కువ ఒరుగుతుంది. దానికి తోడు ముస్తాంగ్ వెనక భాగంలో లారీకి ఉన్నట్టే కమాన్ కట్టల మీద ఒకే దిట్టమైన యాక్సిలు. ఒక చక్రం గుంతలో పడితే రెండోది కూడా ఉలిక్కిపడుతుంది. ఐరోపా ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది వీటితోనే.

ఇక బ్రేకు. గతిశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం వర్గం. 1,600 కిలోల కారు గంటకి 90 కి.మీ., అంటే సెకనుకి 25 మీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి 500 కిలోజౌళ్ళు. వేగం రెట్టింపు చేసి 180 అంటే 2,000 కిలోజౌళ్ళు. కారుని ఆపడమంటే ఈ శక్తినంతా బ్రేకుల్లో వేడిగా మార్చడమే. ఆ 2,000 కిలోజౌళ్ళతో 30 డిగ్రీల నీళ్ళు దాదాపు 7 లీటర్లు మరిగే దాకా కాచవచ్చు. ఆ వేడంతా కొద్ది క్షణాల్లో నాలుగు డ్రమ్ముల లోపల పుడుతుంది! డ్రమ్ము మూసిన గిన్నె వంటిది, వేడి త్వరగా బయటికి పోదు. రెండు మూడు సార్లు గట్టిగా తొక్కేసరికి లైనింగు పట్టు తప్పుతుంది. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి చల్లబడుతుంది.

1964 జి.టి.ఓ.కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ముందు చక్రాలకు డిస్కులు కావాలంటే 1967 మోడలు దాకా ఆగవలసి వచ్చింది. అదే కాలపు పోర్షె 911కి మొదటి నుంచీ నాలుగూ డిస్కులే. మజిల్ కారు మీద నేను మోపే అసలు నేరం ఇదొక్కటే: బలం ముందు వచ్చింది, ఆపడం తరువాత వచ్చింది.

ఈ పాఠం అమెరికన్లు కూడా నేర్చుకున్నారు. 1960 నుంచి 1965 దాకా లెమాన్స్ 24 గంటల పందెం వరసగా ఫెరారీదే. 1966లో ఫోర్డు కంపెనీ 7 లీటర్ల జి.టి.40 కార్లతో వెళ్ళి మొదటి మూడు స్థానాలూ గెలుచుకుంది. అందరూ ఆ 7 లీటర్లనే చెప్పుకుంటారు. కాని గంటకి 300 కి.మీ. దాటిన వేగం నుంచి అంత బరువుని లాప్ లాప్‌కీ ఆపడం వాళ్ళకు పెద్ద తలనొప్పి అయింది. పందెం మధ్యలోనే బ్రేకు డిస్కులను చకచకా మార్చే ఏర్పాటు చేసుకుని వెళ్ళారు. గెలుపులో దాని వాటా చిన్నది కాదు.

మన ఇళ్ళ ముందు నిలబడిన చుట్టాలు

“ఇదంతా విదేశీ గొడవ, మనకెందుకు?” అనేవారికి ఒక మాట. ఈ రెండు వంశాల చుట్టాలూ మన ఊళ్ళలో తిరిగాయి.

అంబాసడర్ సంగతే తీసుకోండి. 1950ల చివరి నుంచి 2014 దాకా ఉత్తరపాడాలో తయారైన ఆ కారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నకలు. దానిలో చిరకాలం ఉన్న 1,489 సి.సి. పెట్రోలు ఇంజను ‘బి-సిరీస్’ కుటుంబానిది. బోరు 73 మి.మీ., స్ట్రోకు 89 మి.మీ.; ఆ పాత పన్ను నేర్పిన పొడుగు స్ట్రోకు వాసన ఇంకా పోలేదు. సరిగ్గా అదే 1,489 సి.సి. ఇంజనుతో, రెండు కార్బురేటర్లు తగిలించి, 1955లో ఇంగ్లండులో ఎం.జి.ఎ. అనే అందమైన స్పోర్ట్స్ కారు చేశారు. అక్కడ దాని పవరు 70 దాకా, మన దగ్గర సుమారు 50. అలాగే మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు ఛాసిసుని పొట్టిచేసి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుని చేశారు. పెళ్ళివారినీ, పేషెంట్లనూ, ఓట్లు అడిగే నాయకులనూ మోసిన మన కారు స్పోర్ట్స్ కారుకి తోబుట్టువన్నమాట! ఒకే ఇంజను ఒక రోడ్డు మీద పందెం కోడి అయింది, ఇంకో రోడ్డు మీద కాడెద్దు అయింది.

మజిల్, స్పోర్ట్స్ వాదం మన దేశంలో నిజంగా నడిచింది మాత్రం కార్ల మీద కాదు, మోటారు సైకిళ్ళ మీద. బుల్లెట్టు 346 సి.సి., 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 బండి 347 సి.సి. తేడా ఒక్క సి.సి.! కాని బుల్లెట్టుకి ఒకే సిలిండరు, బోరు 70, స్ట్రోకు 90 మి.మీ. రాజ్‌దూత్‌కి రెండు సిలిండర్లు, బోరు 64, స్ట్రోకు 54.

చిన్న లెక్క చేద్దాం. పిస్టను ఒక చుట్టులో రెండు స్ట్రోకుల దూరం పోతుంది. 5,000 చుట్ల దగ్గర బుల్లెట్టు పిస్టను సగటు వేగం సెకనుకి 15 మీటర్లు. రాజ్‌దూత్ పిస్టను అదే వేగం అందుకోవాలంటే 8,300 చుట్లు తిరగాలి. అంటే లోపలి భాగాలకి అంతే శ్రమ పెట్టి చాలా ఎక్కువ చుట్లు తిరగగలదు. పైగా అది రెండు స్ట్రోకుల ఇంజను, ప్రతి చుట్టుకీ పేలుతుంది. అందుకే బుల్లెట్టు 18 హార్సుపవరుతో నింపాదిగా లాగుతుంటే, రాజ్‌దూత్ మొదటి మోడలు 30 దాటించి ఎగిరిపడింది. ఒకటి ఒంగోలు గిత్త, ఇంకొకటి పరుగు పందెపు ఎద్దు.

ఇక్కడే అసలు విషయం ఉంది. జపానులో యమహా కంపెనీ చేసిన ఆర్.డి.350 బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండేది. అదే బండి మన దేశంలో తయారైనప్పుడు ఆ డిస్కు పోయి డ్రమ్ము వచ్చింది. ఇంజను వచ్చింది, బ్రేకు రాలేదు. 1964 నాటి అమెరికా కథ 1983లో మన దగ్గర రెండు చక్రాల మీద మళ్ళీ జరిగింది.

మజిల్ కారు ఏమైంది?

మజిల్ కారుని ఓడించింది పోర్షె కాదు, ఫెరారీ కాదు. 1970లో అమెరికా చేసిన పరిశుద్ధ వాయు చట్టం, యువకుల కార్ల మీద బీమా కంపెనీలు పెంచిన ప్రీమియం, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపివేయడం. ఈ మూడూ కలిసి దాన్ని మూలకి కూర్చోబెట్టాయి. 1974లో గంటకి 55 మైళ్ళ వేగ పరిమితి కూడా వచ్చింది. రోడ్డూ, పెట్రోలూ, చట్టమూ కన్న బిడ్డని అవే మూడూ తిరిగి వెనక్కి తీసుకున్నాయి. 1980ల తరువాత ఆ పేర్లు మళ్ళీ లేచాయి గాని, అప్పటికి వాటికి మంచి బ్రేకులూ, మంచి సస్పెన్షనూ అబ్బాయి. ఐరోపా కార్లు కూడా పెద్ద ఇంజన్లు పెట్టుకున్నాయి. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు.

ఇప్పుడు కరెంటు బళ్ళు వచ్చి వాదాన్ని ఇంకో మలుపు తిప్పాయి. ఎలక్ట్రిక్ మోటారు సున్నా చుట్ల దగ్గరే పూర్తి టార్కు ఇస్తుంది. అంటే మన వీధిలో చప్పుడు లేకుండా పోయే కరెంటు స్కూటరుకి కూడా, కదిలే మొదటి క్షణంలో, మజిల్ కారు గుణం ఉంది. కాని బ్యాటరీ బరువు తక్కువది కాదు. బరువు పెరిగితే గతిశక్తి పెరుగుతుంది. మళ్ళీ బ్రేకు దగ్గరికే వస్తాం.

మన రోడ్డు ఏమడుగుతోంది?

వట్లూరులో ఉన్నవాళ్ళకి రెండు రకాల రోడ్లూ అందుబాటులో ఉన్నాయి. ఒకటి పూర్వం 5వ నంబరుగా ఉన్న జాతీయ రహదారి. దెందులూరు, గుండుగొలను, భీమడోలు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం వైపు సాగే ఆ రోడ్డు అమెరికా రోడ్డులా తిన్నగా కనబడుతుంది. రెండోది ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేరు లంకల్లోకి పోయే కాలవగట్ల రోడ్లు. అవి ఐరోపా రోడ్లలా ఇరుకు, మెలిక మీద మెలిక.

కాని “కనబడుతుంది” అన్నాను, జాగ్రత్తగా గమనించండి. అమెరికా రహదారి మీదికి పక్కపొలం నుంచి ట్రాక్టరు ఎక్కదు, డివైడరు సందులోంచి గేదెల మంద రాదు, ఎదురు దిశలో మోటారు సైకిలు రాదు. గంటకి 90 కి.మీ. వేగంతో పోయేవాడు అడ్డం చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ సెకనులోనే 25 మీటర్లు పోతాడు. ఘర్షణ గుణకం 0.7 అయితే ఆగడానికి ఇంకో 46 మీటర్లు. మొత్తం 71 మీటర్లు. అదే 60 కి.మీ. వేగమైతే 37 మీటర్లు చాలు.

మాసూళ్ళ రోజుల్లో గట్టు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద టైరు గోలీల మీద కాలు పెట్టినట్టే. ఘర్షణ గుణకం సగానికి, అంటే 0.35కి పడిపోయిందనుకుందాం. 50 మీటర్ల వ్యాసార్థపు మలుపులో ఇందాకటి 67 కి.మీ. వేగం 47కి దిగుతుంది. ఆ సంగతి ఇంజనుకి తెలియదు, నడిపేవాడికి తెలియాలి. పక్కన కాలవ ఉంటుంది.

మా తోటి విద్యార్థులు కొత్త బండి కొనేటప్పుడు జరిగే సంభాషణ నాకు బాగా తెలుసు. “లీటరుకి ఎంతొస్తుందిరా?” అంటారు నాన్నగారు. “పికప్ చూడు నాన్నా!” అంటాడు కొడుకు. ధాన్యం అమ్మిన డబ్బో, చేపల చెరువు లీజు డబ్బో చేతులు మారుతుంది. మైలేజీ అడిగినవాడున్నాడు, పికప్ అడిగినవాడున్నాడు. బ్రేకు సంగతి అడిగినవాడు మాత్రం లేడు. “నెమ్మదిగా రా నాయనా” అని గుమ్మంలోంచి చెప్పే అమ్మ ఒక్కతే ఆ ప్రశ్న తన భాషలో అడుగుతుంది. 125 సి.సి. దాటిన బళ్ళన్నిటికీ చక్రం బిగుసుకోకుండా ఆపే ఎ.బి.ఎస్. ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో చట్టమే చెబుతోంది. కాని దాని కంటే ముందు కొన్న బళ్ళు, చేతులు మారిన బళ్ళు మన కాలేజీ సైకిల్ స్టాండులో ఎన్నో ఉన్నాయి.

కనుక మిత్రులారా, మజిల్ కారుని ప్రేమించండి, స్పోర్ట్స్ కారుని ప్రేమించండి. గోడ మీద ఏ బొమ్మ అంటించుకున్నా తప్పు లేదు. రెండూ తమ తమ రోడ్లకు తగిన గొప్ప జవాబులే. మన రోడ్డు అడిగే ప్రశ్న మాత్రం వేరు. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. మీ బండి వెనక డ్రమ్ము విప్పించి లైనింగు ఎంత మిగిలిందో చూడండి, ముందు డిస్కుంటే ప్యాడ్లు చూడండి, టైరు గాట్లలో వేలు పెట్టి చూడండి. అరగంట పని. బుల్లెట్టు వాళ్ళకైనా, పరుగు బళ్ళ వాళ్ళకైనా ఖర్చు దాదాపు ఒకటే.